ఆకును నమ్మని పండితుఁడు : లిన్నేయసు చరిత్రము

పేరు తెలియని పొద యొకటి తోఁటలో నున్న దనుకొందము. పూవు లేదు, కాయ లేదు. ఉన్నది ఆకు మాత్రమే. అప్పుడు మన బాలురు చేయున దేమి? ఒక రెమ్మను ద్రుంచి, ఆకును నలిపి వాసన చూతురు. తొడిమ విఱిచినచోటఁ బాలు కాఱునేమో పరీక్షింతురు. ఆకులు రెండేసి యెదురెదురుగా నున్నవా, ఒకదాని తరువాత నొకటిగా నున్నవా, గన్నేరునందువలె మూఁడేసి యొక్కచోటఁ బుట్టుచున్నవా యని చూతురు. నిమ్మజాతిది యని యనుమానము కలిగినచో, ఆకును వెలుతురున కెదురుగాఁ బట్టి, అందు సూదిమొనలవంటి తైలబిందువులు మెఱయుచున్నవా యని కనిపెట్టుదురు. ఇది మంచి పద్ధతియే. నందివర్ధనమును జామను వేఱుచేయుట కింతకంటె నేమియు నక్కఱలేదు. రెండింటికిని ఆకు లెదురెదురుగనే యుండును గాని, పాలు కాఱునది నందివర్ధనము మాత్రమే.

అయినను ఆకు కొన్నివేళల మనలను మోసగించును. ఈ మోసమునకు లోఁబడినవారిలో, వృక్షశాస్త్రమునకు నేఁటి రూపము నిచ్చెనని లోకము కొనియాడు మహాపండితుఁడును ఒకఁడు. ఆయన చరిత్రమే యిచ్చట వ్రాయఁబడుచున్నది.

కారల్ లిన్నేయసు 1707వ సంవత్సరము మే నెల 23వ తేదీన, స్వీడను దేశపు దక్షిణభాగమునందలి స్మోలాండు సీమలో, రోస్‌హుల్టు అను చిన్న పల్లెయందు జన్మించెను. తండ్రియగు నీల్సు క్రైస్తవగురువు. ఆ కుటుంబమునకు మొదట ఇంటిపేరు లేకుండెను. నీల్సు విశ్వవిద్యాలయమునఁ జేరినప్పుడు, తమ వారి భూమిలోఁ బెరిగిన గొప్ప లిండెను వృక్షమును దలంచుకొని, లిన్నేయసు అను పేరు పెట్టుకొనెను. చెట్టుపేరు ఇంటిపేరైన కుటుంబమునఁ బుట్టిన శిశువు వేలకొలఁది చెట్లకుఁ బేర్లు పెట్టువాఁ డగుట విచిత్రమే.

తండ్రికిఁ దోఁటపనియం దత్యంతాభిమానము. శిశు వేడ్చునప్పుడు చేతికొక పూవు నిచ్చిన నూరకుండెడివాఁ డఁట. మాటలు వచ్చినపిమ్మట బాలుఁడు ప్రతిమొక్క పేరును అడుగుచు, చెప్పినదానిని మఱచి మరల మరల నడుగుచుండెను. ఒకసారి చెప్పిన పేరు మఱచినచో నిఁక ముందు చెప్పనని తండ్రి కచ్చితముగాఁ దెలిపెను. నాఁటినుండి బాలుఁడు విన్న పేరును మఱవ లేదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మరలఁ బని యున్నది.

పాఠశాలలో మాత్ర మాతఁడు మంచి విద్యార్థి యనిపించుకొన లేదు. పుత్రుని దైవసేవకుఁ దయారుచేయఁగోరి తలిదండ్రు లాతనిని వెక్షో పట్టణమునకుఁ బంపిరి. అచ్చటి గ్రీకు, హీబ్రూ, దైవశాస్త్రము ఆతనికిఁ బట్టువడ లేదు. మనస్సంతయుఁ బొలముల మీఁదనే. 1726లోఁ దండ్రి వచ్చి విచారింపఁగా, ఈ బాలుఁడు పెద్దచదువునకుఁ దగఁడనియు, ఏదేని చేతిపని నేర్పించుట మేలనియు ఉపాధ్యాయులు చెప్పిరి. వారిని నిందింపఁ బనిలేదు. వారి పాఠములలో ఆతఁడు నిజముగనే వెనుకఁబడి యుండెను. అయితే రోత్మను అను వైద్యుఁ డొకఁడు ఆ పాఠశాలలోనే బోధించుచుండెను. ఆయన తండ్రికి ధైర్యము చెప్పి, బాలుఁడు వైద్యుఁడు కాఁగలఁడని నచ్చఁజెప్పి, తానే యుచితముగాఁ బాఠములు చెప్పెను. మొక్కలను ఆకునుబట్టి గాక పూవునుబట్టి తరగతులుగా విభజింపవలెనను ఫ్రెంచి పండితుఁడు టూర్నెఫోర్టు పద్ధతిని లిన్నేయసు మొదట విన్నది ఈ రోత్మనుని నోటనే.

1727లో లుండు విశ్వవిద్యాలయమునను, 1728లో ఉప్సాలా విశ్వవిద్యాలయమునను జేరెను. ఉప్సాలాలోఁ జేరిననాఁటికిఁ జేతనున్న ధనము కొంచెమే. అదియుఁ ద్వరలో నయిపోయెను. భోజనమునకు అప్పుచేయవలసివచ్చెను. చిల్లుపడిన జోళ్లలోఁ గాగితము మడిచి పెట్టుకొని నడచెను. ఆ దినములలో, 1729వ సంవత్సరపు వసంతకాలమున, ఆతఁ డొకనాఁడు విశ్వవిద్యాలయపుఁ దోఁటలోఁ గూర్చుండి పూవొకదానిని వర్ణించి వ్రాసికొనుచుండెను. పాలనలేక పాడుపడిన తోఁట యది. ఆ దారిని వచ్చిన వృద్ధగురు వొకఁ డాగి, ఏమి చేయుచున్నావని యడిగి, చుట్టునున్న మొక్కలను ఒక్కొక్కటిగాఁ జూపి వాని పేర్లడిగెను. యువకుఁ డన్నిటికిని సమాధానము చెప్పెను. తాను సేకరించి యెండఁబెట్టి దాఁచిన మొక్కలు ఆఱువందలకుఁ బైఁగా నున్నవనియుఁ జెప్పెను.

ఆ వృద్ధుఁడు ఓలోఫ్ సెల్సియసు. ఉష్ణమాపకమునకుఁ బేరిచ్చిన సెల్సియసునకుఁ బినతండ్రి వరుస, దైవశాస్త్రమున ఆచార్యుఁడు. అప్పుడాయన పరిశుద్ధ గ్రంథమునఁ బేర్కొనఁబడిన మొక్కలను గూర్చి గొప్ప పుస్తకమును వ్రాయుచుండెను. దావీదు కీర్తనలలోని హిస్సోపు ఏ మొక్క? ప్రవక్తయగు యోనాకు నీడ నిచ్చినది సొరతీఁగెయా, ఆముదపుఁజెట్టా? ఇట్టివి ఆయన ప్రశ్నలు. తోఁటలోని పొదకు మొక్క యున్నది, పేరు లేదు. సెల్సియసునకుఁ బేరున్నది, మొక్క లేదు. రెండును ఒకే చిక్కునకు రెండు కొనలు. ఆయన లిన్నేయసును దన యింటికిఁ దోడ్కొనిపోయి, భోజనము నిచ్చి, పుస్తకశాలను అప్పగించి, తన పనిలో సాయముగాఁ జేర్చుకొనెను. ఆ గ్రంథము 1745 మొదలు 1747 వఱకుఁ బ్రకటింపఁబడెను. అప్పటికి శిష్యుఁడే గురువుకంటెఁ బ్రసిద్ధుఁ డయ్యెను.

సెల్సియసు ఇంట నున్న కాలముననే లిన్నేయసునకుఁ దన జీవితమంతయు నడపిన యూహ దృఢపడెను. పూవులో నగపడు రంగుఱేకులు ముఖ్యములు గావు; గింజ పుట్టుటకుఁ గారణములైన యవయవములే ముఖ్యము లని యాతఁడు తలంచెను. పుప్పొడిని ధరించు కాడలకుఁ గింజల్కములని పేరు. అవి యెన్ని? విడివిడిగా నున్నవా, కలిసియున్నవా? వరిపూవులో ఆఱు, ఉమ్మెత్తలో నైదు, ఆవపూవులో నాఱున్నను నాలుగు పొడవైనవి, రెండు పొట్టివి. మందారమునఁ గింజల్కములన్నియుఁ గలిసి గొట్టమువలె నుండును. ఈ విధముగాఁ గింజల్కములను లెక్కించి, మొక్కలన్నిటిని 24 తరగతులుగా నాతఁడు విభజించెను. పదియేండ్ల బాలుఁడైనను భూతద్దము చేతఁబట్టి ఈ లెక్కను జేయఁగలఁడు. ఆ సులభతవలననే యీ పద్ధతి యూరపు ఖండమంతట వ్యాపించెను.

అట్లని యాతఁడు ఆకును దిరస్కరింప లేదు. ఆకుల యాకారములను, అంచులను, కొనలను, అమరికలను అంత శ్రద్ధగాఁ బేర్లు పెట్టి పటములు గీయించినవారు అంతకు ముందు లేరనవచ్చును. ఱంపపుఁబండ్ల అంచు వేఱు, గుండ్రని గంట్ల అంచు వేఱు. హృదయాకారము వేఱు, మూత్రపిండాకారము వేఱు. అయితే ఆకునకు ఆతఁ డిచ్చిన స్థానము రెండవది. కులము నిర్ణయించునది పూవు. ఆ కులములోఁ బుట్టిన అన్నదమ్ములను వేఱుచేయునది ఆకు. మొక్కయొక్క మొత్తపు వాలకమును మనస్సులో నుంచుకొనవచ్చును గాని తీర్పు దానిమీఁద నిలుపరాదని ఆతని మతము.

1732లో ఉత్తరపు మంచుదేశమగు లాప్‌లాండులో నొంటరిగా నైదునెలలు సంచరించి, ఆ మీఁదట 1735లో వైద్యపట్టమునకై హాలండు దేశమునకుఁ బోయెను. ప్రకృతి నంతటిని క్రమపఱచిన ఆతని మొదటి గొప్ప పుస్తకము ఆ యేడే లైడెను నగరమున నచ్చుపడెను. అది పెద్ద కాగితములు పండ్రెండింటికి మించని పుస్తకము.

ఆమ్‌స్టర్డాము నగరమునందలి తోఁట కధికారియైన బర్మను అను పండితునితో నాతనికిఁ గలిగిన పరిచయమును ఇచ్చటఁ జెప్పితీఱవలెను. బర్మను ఈ క్రొత్తవానిని బరీక్షింపఁగోరి, తనయొద్ద నున్న యెండిన మొక్కలలో మిక్కిలి యరుదైన దొకటి చూపెను. లిన్నేయసు ఆకులను విడిచి, ఒక్క పూవు నడిగి పుచ్చుకొని, అది మెత్తఁబడుటకై నోట నుంచుకొని, విప్పి చూచి, లారెలు కులముదని చెప్పెను. బర్మను అంగీకరింపక, అది దాల్చినచెక్క చెట్టని తెలిపెను. దాల్చిన చెట్టే యగుఁగాక, దాల్చినయు లారెలు బంధువే యని లిన్నేయసు పూవు నాధారము చేసికొని నిరూపించెను. నేఁటి శాస్త్రజ్ఞులు దాల్చినకు వేఱు ప్రజాతి నేర్పఱిచినను, లారెలు కుటుంబమునందే యుంచియున్నారు. బర్మను సంతోషించి, సింహళద్వీపపు మొక్కలను గూర్చి తాను వ్రాయుచుండిన గ్రంథమునకు సాయపడుమని కోరి, ఆతనిని దన యింటనే యుంచుకొనెను.

పిమ్మట క్లిఫర్డు అను ధనికుఁడు తన తోఁటను లిన్నేయసున కప్పగించెను. వేఁడియింటిలోఁ బెంచఁబడిన అరఁటి ఆ చలిదేశమునఁ బూచి కాయునట్లు చేసి, 1736లో దానిని గూర్చి ఒక చిన్న పుస్తకమునే వ్రాసెను. మన పెరటి అరఁటి యచ్చట నంతటి వింత. 1738లో స్వదేశమునకు మరలి, మరుసటియేఁడు సారా యెలిజబెతు అను నామెను వివాహమాడి, 1741లో ఉప్సాలా యాచార్యుఁ డయ్యెను. తాను జినిఁగిన జోళ్లతోఁ గూర్చుండిన ఆ పాడు తోఁటయే యిప్పు డాతని చేతికి వచ్చెను. దానిని దిద్ది తీర్చి, వేఁడియిండ్లు కట్టించి, దేశదేశముల మొక్కలను దెప్పించి నాటెను.

ఆ తోఁటలోఁ దేయాకుమొక్కను జూడవలెనని యాతనికి గొప్ప కోరిక. అది కేవలము పండితుని వేడుక గాదు. ఆ కాలమున స్వీడనువారు చీనానుండి యేటేటఁ దేయాకును దెప్పించుకొని, బదులుగా వెండి నిచ్చుచుండిరి. దేశము బీదది, వెండి పోవును, ఎండుటాకు వచ్చును. ఆ మొక్క యొక్కటి జీవముతో స్వీడను చేరినచో, అది మంచునోర్చి పెరిగినచో, వెండి దేశముననే నిలుచునని లిన్నేయసు తలంపు. ఉప్సాలా చలిలోఁ దేయాకు పండించుట యసాధ్యమని యిప్పుడు మన మెఱుఁగుదుము. ఆతఁడు మాత్రము దానిని ఆశించి యిరువదియేండ్లు యత్నించెను.

తేయాకు గింజయందుఁ దైలమెక్కువ. అది త్వరలోఁ జెడి మొలకెత్తదు. కావున గింజలు పంపిన లాభము లేకపోయెను. మొక్కలను ఓడలో నెక్కింపఁగాఁ గొన్ని యుప్పునీటికి, కొన్ని యెండకుఁ జచ్చెను. ఆతని శిష్యుఁ డోస్‌బెక్ ఓడలో బోధకుఁడుగాఁ జీనాకుఁ బోయి, 1752లో మరలి వచ్చుచుఁ దెచ్చిన మొక్క దారిలో సముద్రము పాలయ్యెను. ఒక మొక్క స్వీడను రేవువఱకు వచ్చి, అచ్చట నెలుకల నోటఁ బడెనని చెప్పుదురు.

ఇట్లుండఁగా లాగర్‌స్ట్రోం అను వర్తకసంఘపు పెద్ద రెండు పొదలను సజీవముగా ఉప్సాలాకుఁ బంపెను. ఆకులు ఒకదాని తరువాత నొకటిగా నున్నవి; దళసరిగా నిగనిగలాడుచున్నవి; అంచునఁ జిన్న ఱంపపుఁబండ్లు. తేయాకు లక్షణములన్నియుఁ దప్పక యున్నవి. చీనావారు తేయాకని చెప్పి యిచ్చిరి, తెచ్చినవారు నమ్మిరి, లిన్నేయసును వాని నట్లే యెంచి పోషించెను. రెండేండ్లు శీతకాలమున వేఁడియింటిలో నుంచి కాపాడెను. తుదకు మొగ్గ తొడిగెను. పూవు విచ్చెను. అది తేయాకు గాదు, కెమెల్లియా! ఫిలిప్పీను ద్వీపములలో సేవచేసిన కేమెల్ అను మిషనరీ జ్ఞాపకార్థము ఆ పేరు పెట్టినవాఁడు లిన్నేయసే. 1753లోఁ బ్రకటించిన తన మహాగ్రంథమున సుమారు 6,000 జాతుల మొక్కలను వర్ణించి, ఒక్కొక్కదానికి రెండేసి మాటల పేరు పెట్టుచు, ఆతఁడు ఈ రెండింటిని దూరదూరముగా నుంచియుండెను. తేయాకునఁ గింజల్కములు విడివిడిగా నున్నవని దాని నొక తరగతిని, కెమెల్లియాయందు మొదట గలిసియున్నవని దానిని మందారపుఁ దరగతిని వేసెను. తన యింటికే ఆ రెండవది మొదటిదాని వేషమున వచ్చి రెండేండ్లు నిలిచెను.

తరువాత ఎకెబెర్గు అను ఓడ నాయకుఁడు ఉపాయము మార్చెను. చీనా విడుచునప్పుడే క్రొత్తగింజలను మట్టికుండలలో నాటించి, ఓడమీఁదనే మొలిపించెను. 1763లో ఆ మొలకలు స్వీడను చేరెను. అందుఁ గొన్ని ఉప్సాలా చేరకముందే చెడఁగా, మిగిలినవానిని నాయకుని భార్య బండిలోఁ దన యొడియందుంచుకొని తెచ్చెనఁట. అవి నిజమైన తేయాకుమొక్కలు. యూరపు ఖండమునకు గింజనుండి మొలిచి సజీవముగా వచ్చిన తేయాకులలో నివియే తొలివని పేరు.

ఇంతటితో చిక్కు తీఱెనా? లేదు. నల్లతేయాకును బచ్చతేయాకును వేర్వేఱు మొక్కలనుండి వచ్చునని ఆనాఁటివారి నమ్మకము. పూఱేకుల సంఖ్యలో భేదమున్నదని విని, 1762లో లిన్నేయసు వానిని రెండు జాతులుగా వ్రాసెను. పూవును నమ్మినప్పుడును పొరపాటు రావచ్చునని దీనివలనఁ దేలుచున్నది. రెండును ఒకే మొక్క యాకులే; భేదమంతయు ఆకును వాడఁబెట్టి యెండించు విధములో నున్నది.

అంతకంటె వింత మఱియొకటి గలదు. 1825 ప్రాంతమున అస్సాము కొండలనుండి యొక పొదయొక్క ఆకులు కలకత్తా తోఁటకుఁ బంపఁబడెను. ఆ తోఁట యధికారి వాలిచ్ వానిని జూచి, ఇవి తేయాకులు గావు, కెమెల్లియా యని తేల్చెను. కాయలు, గింజలుకూడఁ జేరినపిమ్మట 1834లోఁగాని అది నిజమైన తేయాకని యొప్పుకొనఁబడ లేదు. ఉప్సాలాలోఁ గెమెల్లియాను దేయాకనుకొనిరి. కలకత్తాలోఁ దేయాకును గెమెల్లియా యనుకొనిరి! తరువాతి శాస్త్రజ్ఞులు మఱింత పరిశీలించి, రెండును అన్నదమ్ములే యని నిర్ణయించి, లిన్నేయసు కట్టిన గోడను దీసివేసిరి. నేఁడు తేయాకునకు శాస్త్రనామము కెమెల్లియా సైనెన్సిస్. ఆకు చెప్పిన బంధుత్వ మంతయు నబద్ధము కాకపోయెను.

లిన్నేయసు శిష్యులు మొక్కలకై భూమండలమంతయుఁ దిరిగిరి; పెక్కురు మరలి రాలేదు. వారిలోఁ గోనిగ్ అను నతఁడు మనకు ముఖ్యుఁడు. ఆయన 1768లో దక్షిణదేశమునందలి తరంగంబాడికి డేనిష్ మిషనునకు వైద్యుఁడై వచ్చి, అచ్చటి మిషనరీలతోఁ గలిసి మొక్కలను సేకరించి, పేర్లు నిర్ణయించి, యూరపునకుఁ బంపుచుండెను. అట్లు పోయినవానిలో మన వంటింటి కరివేపాకొకటి. 1771లో లిన్నేయసు దానికిఁ గోనిగ్ పేరు చేర్చి నామకరణము చేసెను. ఆ పేరు నేఁటికిని నిలిచియున్నది. మనవారు ఆకునుబట్టి దానిని వేఁపతోఁ బోల్చి పేరు పెట్టిరి. నిజముగాఁ జూడ, ఈనెకు రెండువైపుల నమరిన ఆ చిన్న ఆకులు వేఁపనే తోఁపింపఁజేయును. పూవు విప్పి చూచిన వేఱుగా నుండును. వేఁపపూవునఁ గింజల్కములు పదియుఁ గలిసి గొట్టమగును. కరివేఁపపూవునఁ బదియు విడివిడిగా నుండును. అది నిమ్మ, మారేడు, వెలగల కుటుంబమునకుఁ జేరినది. సందేహమున్నవారు దాని ఆకును వెలుతురునకుఁ బట్టి చూడుఁడు. కోనిగ్ 1785లోఁ గాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. ఆయన మిత్రుఁడైన రాక్స్‌బరో అప్పుడు సామర్లకోటలో వైద్యుఁడుగా నుండి, ఈ పనినే మన తెలుగుసీమలోఁ గొనసాగించుచుండెను.

గురువు అంతకు ముందే గతించెను. 1774లో లిన్నేయసునకుఁ బక్షవాతము తగిలెను. 1776లో మరలఁ దగిలి, కుడిప్రక్క చచ్చుపడి, మాట తడఁబడి, జ్ఞాపకశక్తి నశించెను. బాల్యమునఁ దండ్రి మాటకు భయపడి యొక్క పేరైనను మఱవనివాఁడు, వేల మొక్కలకుఁ బేరిచ్చినవాఁడు, అన్ని పేర్లను మఱచెను. తన పేరునుకూడ మఱచెను. తాను వ్రాసిన పుస్తకములనే యెదుట నుంచఁగా, వానిని మరియెవరో వ్రాసిరనుకొని, ఎంత బాగుగా వ్రాసిరని మెచ్చుకొనెడివాఁ డఁట. తోఁటలోనికిఁ దీసికొనిపోయినప్పుడు మాత్రము ముఖము తేటపడుచుండెనని చెప్పుదురు. 1778వ సంవత్సరము జనవరి 10వ తేదీన మరణింపఁగా, ఉప్సాలా మహాదేవాలయమునఁ బాతిపెట్టిరి. ఆతఁ డెండఁబెట్టి దాఁచిన మొక్కలను 1784లో స్మిత్ అను ఆంగ్లేయయువకుఁడు కొని లండనునకుఁ దీసికొనిపోయెను. అవి నేఁటికిని అచ్చట భద్రముగా నున్నవి; ఏ మొక్కకు ఏ పేరని వివాదము వచ్చినప్పుడు పండితులు వానిని దీసి చూచుచున్నారు.